చెరువుకట్టపై రెండు రాత్రులు

గడచిన డిసెంబరు నెలలో అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన మరునాడు, మా పాఠశాలలో తొమ్మిదవ, పదవ తరగతులు చదువు పదునొకండుగురు బాలురతో నేను మా ప్రాంతపు చెరువుకట్టపై రెండు రాత్రులు విడిది చేసితిని. ప్రకృతిశాస్త్ర పాఠమును ఒకమారైనను పుస్తకము మూసి నీటియొద్ద చెప్పవలెనను కోరిక నాకు చాలకాలముగా కలదు. ఆ విడిదిలో జరిగిన వినోదములను గూర్చి పిల్లలు ఇప్పటికే తమ ఇండ్లలో చెప్పియుందురు. జరిగిన మరియొక సంగతిని చెప్పవలసినవాడను నేను. ఈ సంచికను విద్యార్థులే గాక వారి తల్లిదండ్రులును చదువుదురు గనుక, దానిని ఇక్కడనే వ్రాయుట న్యాయమని తలచితిని.

మన కే.వి.కుప్పము పేరు విని, తీరప్రాంతమున నున్న మా బంధువులు "మీది బెస్తవారి పల్లెయా?" అని యడుగుట కలదు. సముద్రతీరమున కుప్పమనగా చేపలు పట్టువారు నివసించు చోటు. మనకు సముద్రము నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. ఇక్కడి సంతకు మేకలు, గొఱ్ఱెలు వచ్చును గాని పడవలు రావు. చిత్తూరు జిల్లా కుప్పముతో మనలను కలిపివేయువారు మరికొందరు. ఎట్లైనను, ఈ కుప్పమువారు చేపలు చూడవలెనన్న చెరువే శరణ్యము. పాలారు కర్ణాటకములోని నందికొండలయొద్ద పుట్టి, అక్కడ 93, ఆంధ్రదేశమున 33, మన రాష్ట్రమున 222 కిలోమీటర్లు సాగుచున్నదని తరగతిలో చెప్పుదుము. పిల్లలు దానిని కంఠస్థము చేయుదురు. కాని వారిలో అధికులు చూచిన పాలారు ఇసుకయే. ఆంధ్రదేశపు కొండలనుండి దిగివచ్చి గుడియాత్తమును దాటి పాలారులో కలియు కౌండిన్యనదియు అట్టిదే. దానిపై మోర్ధానాయొద్ద కట్టిన జలాశయము నిండి పొంగినపుడు మాత్రము నదియనగా నేమో తెలియును. 2021 నవంబరులో అట్లే పొంగెను. ఆ నెలలో గుడియాత్తమువారు చూచిన ప్రవాహమును గూర్చి ఇప్పటికిని చెప్పుకొనుచున్నారు. ముసలివారైతే తమ తాతలు చెప్పిన 1903 నాటి పాలారు వరదను, అది వాణియంబాడిని ముంచిన తీరును ఎత్తుకొందురు. వరదకును వరదకును నడుమ మనలను పోషించునవి చెరువులే.

విడిదికి చెరువును గుత్తకు తీసికొన్నవారి యనుమతి కోరితిమి. గాలము వేసికొనవచ్చును గాని వల వేయరాదనియు, కిలోకు మించిన చేపను తిరిగి విడువవలెననియు వారు చెప్పిరి. అది న్యాయమే. తరువాత ప్రతి యింటికిని పోయి తల్లిదండ్రుల సమ్మతిని అడిగితిని. పదిమంది ఇండ్లలో తేలికగానే ఒప్పుకొనిరి. పదునొకండవ యింటిలో ఒక తల్లి చాలసేపు మాటాడక, చివరకు ఇట్లనెను: "నీళ్ళకాడికి పంపేది నాకు ఇష్టం లేదు అయ్యవారూ. మీరున్నారు గదా అని పంపిస్తాను."

ఈ మాటను చదువరులు గుర్తుంచుకొందురు గాక.

కట్టకు ఉత్తరపు కొనయందు ఏడుగురు కన్యకల గుడి కలదు. దాని ప్రక్కనున్న తాటిచెట్ల నడుమ పాత టార్పాలిను రెండు కట్టి, క్రింద ఎండుగడ్డి పరచితిమి. మార్గశిరమాసపు చలి. తెల్లవారుజామున చెరువుపై పొగమంచు క్రమ్మి, ఆవలి గట్టు కానరాకుండెను. రాత్రులయందు లత్తేరి, కావనూరు స్టేషనుల మీదుగా పోవు రైళ్ళ ధ్వని నీటిపై తేలివచ్చి, రైలు చెరువులోనే పోవుచున్నదా యనిపించెను. సంవత్సరము మంచిది. చెరువు నిండి, మొరవ పదిదినములు పారి అప్పుడే నిలిచినది.

చెరువునకు కావలియున్న వృద్ధుడొకడు మాకు గురువాయెను. వయస్సు డెబ్బదికి పైననే యుండును. పేరు చెప్పుట ఆయన కిష్టములేదు గనుక పిల్లలు పిలిచినట్లే తాత యని వ్రాయుచున్నాను. ఆయన యింటిలో మాటాడునది తెలుగు, సంతలో మాటాడునది తమిళము. వ్రాత రెండింటను రాదు. మేము తెలుగుబడివారమని తెలిసి, "ఇంకా చెప్తా ఉండారా తెలుగు?" అని యడిగెను. ఉన్నామంటిని. "మా మనవళ్ళు ఇంగ్లీషు బడికి పోతారు" అని చెప్పి, తన పుట్టిని చూపుటకు లేచెను.

పుట్టిని ఎరుగని పిల్లలకొఱకు రెండు మాటలు. వెదురుబద్దలతో అల్లిన పెద్ద తట్ట వంటిది పుట్టి. తమిళులు దీనిని పరిసలందురు. కొన్ని చోట్ల హరిగోలని పేరు. పూర్వము దానిపై పశువుల తోలు బిగించెడివారు. ఇప్పుడు ప్లాస్టిక్కు పట్టా వేసి తారు పూయుచున్నారు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన డొమింగో పాయెసను పోర్చుగీసువాడు, తుంగభద్రను దాటి ఆనెగొందికి పోవుటకు జనులెక్కు పడవలు తట్టలవలె గుండ్రముగా నుండుననియు, లోపల బెత్తము, వెలుపల తోలు అనియు, పదునైదు ఇరువదిమందిని మోయుననియు, తెడ్డు వేయుచున్నంతసేపును అవి గిరగిర తిరుగుచునే యుండుననియు వ్రాసియున్నాడు. ఐదువందల సంవత్సరముల తరువాతను తాత పుట్టి తిరుగుటలో మార్పేమియు రాలేదు.

మా బాలురలో ఒకడు వేసవిలో చెన్నపట్టణమునకు దక్షిణపు ఉప్పుటేటిలో కయాకు నెక్కినవాడు. ఆ సంగతిని వాడు మాకు చాలమారులు వినిపించెను. కయాకు ఉత్తరధ్రువప్రాంతపు ఇన్యూట్ జనుల పడవ. కలపతోనో ఎముకతోనో చట్రము కట్టి, దానిపై సీలు జంతువు చర్మమును తొడిగెడివారు. చట్రము, చర్మము అను పద్ధతిలో అదియును మన పుట్టియును దాయాదులే. కాని కయాకు సన్నముగా, పొడవుగా, ముందు వెనుకలు కలిగి యుండును. రెండు తలల తెడ్డుతో ఒకమారు కుడివైపున, ఒకమారు ఎడమవైపున నీటిని త్రోసినచో బాణమువలె సాగును. పుట్టికి ముందు లేదు, వెనుక లేదు. ప్రక్కన తెడ్డు వేసినచో అది ముందుకు పోవుటకు మారుగా తనచుట్టు తాను తిరుగును. అందుచేత పుట్టివాడు తాను పోదలచిన దిక్కునకు ముఖము పెట్టి కూర్చుండి, తెడ్డును ఎదుట ముంచి నీటిని తనవైపునకు లాగుకొనును. తాత దీనిని మొదటి దినముననే చూపెను. ముగ్గురేసి బాలురను ఎక్కించుకొని చెరువు త్రిప్పి తెచ్చెను. తాను లేక ఎవరును పుట్టి నెక్కరాదని నేను నియమము పెట్టితిని. గంట కొకమారు పిల్లలను లెక్కించుటయు నా నియమములలో ఒకటి.

రెండవ దినమున ఉదయము గాలములు వేసితిమి. వెదురుకఱ్ఱ, దారము, జొన్నబెండు, ఎరగా వానపాములు. అంతకు మించిన పరికరములు మాకు లేవు. రెండు గంటలలో చిన్నవి పెద్దవి కలిసి ముప్పది వరకు పడినవి. అధికభాగము తిలాపియాయే. ఒక్కొక్క చేపయు పడినప్పుడు దాని పేరును, మీసములు కలవా, పొలుసులు కలవా యను వివరములను వ్రాయుటకు ఒక నోటుపుస్తకము తెచ్చియుంటిని. అక్కడనే నాకు మొదటి సిగ్గు కలిగెను. పిల్లలు ప్రతి చేపకును తడుముకొనక పేరు చెప్పిరి: విరాల్, కెళుత్తి, ఆరాల్, జిలేబి. తెలుగుపేరు అడిగిన "చేప" అనిరి. మత్స్యావతారమును వర్ణింపుమన్న వ్రాయగలరు. మత్స్యము, మీనము, ఝషము అని పర్యాయపదములు చెప్పగలరు. చేతిలో గిలగిల కొట్టుకొనుచున్న దానికి మాత్రము పేరు లేదు. వారిని నిందింపను. నాకును నాలుగైదింటికి మించి తెలియదు. నేర్పవలసిన వారమే నేర్వకపోతిమి.

తాతకు తెలియును. విరాల్ అనగా కొర్రమీను. కెళుత్తి జెల్ల. ఆరాల్ బొమ్మిడాయి. వాళై వాలుగ. పిల్లలు కెండై యని ఒక్కటే పేరుతో పిలుచు చిన్న చేపలను ఆయన పరిగలనెను. పేరుతో ఆగక స్వభావమును కూడ చెప్పెను. జెల్లను పట్టునపుడు రొమ్ముముల్లును ఎట్లు తప్పించుకొనవలెనో, బొమ్మిడాయి పగటివేళ ఏ రాళ్ళసందున దూరియుండునో, చెరువు ఎండినపుడు కొర్రమీను తడిబురదలో ఎట్లు ఓర్చుకొనునో వివరించెను. కొర్రమీను పైకి వచ్చి గాలిని పీల్చు చేపయని నేను తరగతిలో పదియేండ్లుగా చెప్పుచున్నాను. అది గుటుకున గాలి మ్రింగి మునుగు చప్పుడును వినుట మాత్రము అదే మొదలు.

తిలాపియాను గూర్చి నేనును కొంత చెప్పితిని. అది ఆఫ్రికా చేప. మనదేశమునకు 1952లో తేబడినది. గ్రుడ్లను ఆడుచేప నోటిలో నుంచుకొని పొదుగుటచే పిల్లలు చావవు. అందుచే చెరువు నంతయు ఆక్రమించును. "అది వచ్చినాక పరిగె తగ్గిపాయ" అని తాత నా పాఠమును ఒక్క మాటలో ముగించెను. బొచ్చెచేప సంగతి వేరు. అది నిలిచిన నీటిలో గ్రుడ్డు పెట్టదు. వానకాలపు నదీప్రవాహము కావలెను. 1957లో కటకమునందు హీరాలాల్ చౌధురి యను శాస్త్రజ్ఞుడు మస్తిష్కగ్రంథి రసమును సూదితో ఎక్కించి పెంపుడుకుంటలోని చేపలచేత గ్రుడ్లు పెట్టించిన పిమ్మట గాని చేపపిల్లలకై నదులను వెదకు శ్రమ తీరలేదు. మా చెరువులోని బొచ్చెలన్నియు ప్లాస్టిక్కు సంచులలో బండి యెక్కి వచ్చినవే.

ఆ ఉదయముననే తాత ఒక వింత చూపెను. తామరాకుల ప్రక్కన నీటిపై అరచేతిమందమున ఎఱ్ఱని ముద్దయొకటి కదలుచుండెను. కుంకుమ చల్లినట్లుండెను. అవి కొర్రమీను పిల్లలు. తల్లియో తండ్రియో వాటి క్రిందనే యుండి కాయుచుండును. అక్కడ గాలము వేసినచో కోపముతో ఎగబడి వచ్చి సులభముగా తగులుకొనును. "ఆడ మాత్రం వెయ్యొద్దు నాయినా. దాన్ని లాగితే ఈ పిల్లల్ని గంటలో మిగతా చేపలు తినేస్తాయి" అని ఆయన చెప్పెను. పుట్టిలో ముగ్గురేసి పోయి అందరును ఆ ముద్దను చూచి వచ్చిరి. వంటవంతు పడినవాడొక్కడు పోలేదు. వంటవంతులు వేసినది నేను. వాడు పొయ్యియొద్ద రాగిసంకటి కెలకుచు, వచ్చినవారి మాటలు వినుచుండెను. వాడే ఆ తల్లి కొడుకు. కయాకు నెక్కినవాడును వాడే.

మధ్యాహ్నము చేపలపులుసు అమృతప్రాయముగా నుండెను. చేపలు తినని బాలుడొకనికి తాత యింటినుండి ఊరుబిండి వచ్చెను. మేము మా పులుసు మాని దానికొఱకు చేతులు చాచితిమి.

సాయంకాలము అయిదు గంటలకు నేను తాతయొద్ద గట్టురాతిపై కూర్చుండి పేర్లు వ్రాసికొనుచుంటిని. పదునేడు పేర్లు వచ్చినవి. ఇంక రెండు మూడు వచ్చునేమో యను ఆశతో అడుగుచునే యుంటిని. నాలుగున్నరకు లెక్కింపవలసిన లెక్కను లెక్కింపలేదు. ప్రొద్దుగ్రుంకి, నీటికాకులు తుమ్మచెట్లపై వాలిన తరువాత లేచి లెక్కించితిని. పది. పిల్లలను వరుసగా నిలువబెట్టి మరల లెక్కించితిని. పదియే. అప్పుడు రేవువైపు చూచితిని. పుట్టి లేదు.

ఆ క్షణమున నాకు కలిగిన భయమును వర్ణింపను. ఇంకొక సంగతి మాత్రము చెప్పవలెను. నాకు ఈత రాదు. సమ్మతి కోరుటకు పదునొకండు ఇండ్లకు పోయితిని. ఏ యింటను ఆ మాట చెప్పలేదు. ఎవరును అడుగలేదు గనుక నేనును చెప్పలేదు.

పుట్టి గట్టునకు రెండువందల గజముల దూరమున, తామరలను దాటి, లోతునీటిలో కనబడెను. ఈశాన్యపుగాలి దానిని తూమువైపునకు త్రోయుచుండెను. వాడు కయాకును నడిపినట్లు కుడివైపున ఒక వ్రేటు, ఎడమవైపున ఒక వ్రేటు వేయుచుండెను. పుట్టి బొంగరమువలె తిరుగుచుండెను. మమ్ము చూచి, కేక వేయుటకు లేచి నిలువబోయెను. పుట్టి ఒక ప్రక్కకు ఒరిగెను.

"కూచో!" అని తాత అరచెను. అంత పెద్ద గొంతు ఆయనకు కలదని నాకు తెలియదు. వాడు కూర్చుండెను.

ఈత వచ్చిన పెద్ద బాలురిద్దరు చొక్కాలు విప్పిరి. తాత వారి చేతులు పట్టుకొనెను. క్రింద తామరతీగెలు కలవు, గుత్తవారి వలలు కట్టియున్నవి, కాళ్ళకు తగులుకొన్నచో ముగ్గురగుదురు. ఆయన చెప్పినది ఇంతే. పిదప నీటియంచున గొంతుకూర్చుండి, పొలములో ఎద్దుతో మాటాడునట్లు నెమ్మదిగా, ఒక్కొక్క మాటయు విడదీసి పలుకసాగెను. "నా దిక్కు తిరుగు. తెడ్డు ముందర పెట్టు. నీ కడుపు దిక్కుకు లాగు. పక్కన వెయ్యొద్దు. మళ్ళా ముందర పెట్టు." వాడు రెండుమారులు సరిగా లాగెను. మూడవమారు చేయి తనంతట తాను ప్రక్కకు పోయెను. పుట్టి తిరిగెను. మరల మొదటినుండి. చీకటి పడెను. నన్ను టార్చిదీపము పట్టి కదలక నిలువుమనెను. "ఆ దీపాన్ని చూసుకో నాయినా. నీళ్ళను చూడొద్దు." నా చేయి వణకుచుండుటచే దీపమును వణకెను. ఒక బాలుడు వచ్చి నా మోచేతిని రెండుచేతులతో పట్టుకొనెను. ఎవడో నేను చూడలేదు.

నలుబది నిమిషములు పట్టెను. నడుమ పావుగంట సేపు మాకు పుట్టి కనబడలేదు. తెడ్డు చప్పుడు మాత్రము వినబడుచుండెను. ఆ చప్పుడు ఆగినపుడెల్ల తాత "లాగు" అనెను. మరల వినబడెను. చివరకు పుట్టి రేవున కొంత ఎడముగా తుంగలో చిక్కుకొనెను. తాత నడుములోతు నీటిలోనికి దిగి దానిని అంచు పట్టి లాగెను.

వాడు ఏడువలేదు. రెండు అరచేతులును బొబ్బలెక్కి చిట్లియుండెను. "ఎఱ్ఱపిల్లలు కనబడినాయా?" అని తాత వానిని అడిగెను. కనబడలేదని వాడు తల యూపెను. "పొద్దుబోయినాక యాడ కనబడతాయి! పొద్దున చూపిస్తా పా." మరునాడుదయమున చూపెను కూడ. నేను వలదనలేదు. వలదనుటకు నాకు మొగము లేదు.

ఆ రాత్రి నేను నిద్రింపలేదు. రైలు పోయినపుడెల్ల లేచి పడుకొన్న తలలను లెక్కించితిని.

తిరిగి వచ్చిన దినముననే వాని తల్లియొద్దకు పోయితిని. "మీరు చెప్పవద్దు అయ్యవారూ, నేనే చెబుతాను" అని వాడు త్రోవలో బ్రతిమాలెను. వాడు చెప్పవలసినది వేరు, నేను చెప్పవలసినది వేరు అంటిని. లెక్క తప్పినదియు, ఈత రానిదియు, రెండును చెప్పితిని. ఆమె నిలుచుండియే వినెను. "చీకటి పడిందా?" అని యడిగెను. పడినదంటిని. "పొద్దుపోయినాక గూడా వాడు కనబడలేదా మీకు?" పావుగంట సేపు కనబడలేదంటిని. ఆమె లోపలికి పోయెను. చాలసేపు రాలేదు. నేను పోవలెనో ఉండవలెనో తెలియక తిన్నెపై కూర్చుంటిని. పిదప మజ్జిగ తెచ్చి ఇచ్చెను. కొడుకు చేతులను దీపము క్రింద త్రిప్పి చూచి, వెన్న రాసెను. నాతో మాత్రము మాటాడలేదు. కోపగించియున్న బాగుండునని అప్పుడు తోచెను.

ఈ యేడు విడిదికి పోవుటయా మానుటయా యని తల్లిదండ్రుల సమావేశమున చర్చ జరిగెను. మానవలెనన్న వారి మాటను తప్పుపట్టను. నా కోరిక పోవలెననియే. కాని లైఫ్‌జాకెట్లు తలకొకటి లేక నీటియంచునకు పోరాదు. ఈత వచ్చిన పెద్దలు ఇద్దరైనను వెంట రావలెను. లెక్క చూచు పని నాకొక్కనికే విడువరాదు. ఎవరైన తండ్రులు ఈ పనికి ముందుకు వచ్చినచో నాకు తెలుపగోరుచున్నాను. నేను ఈతకు చేరితిని. నలుబదియారేండ్ల వయస్సున బావిలో టైరు పట్టుకొని కాళ్ళు కొట్టుచున్న అయ్యవారిని చూచి నవ్వుకొన్న పిల్లలను క్షమించితిని.

సమావేశము ముగిసిన తరువాత ఆ తల్లి నాయొద్దకు వచ్చెను. ఆనాటి నోటుపుస్తకము బల్లపై నుండెను. దానిని తెరచి, పేర్ల వరుసపై వ్రేలు పెట్టి క్రిందివరకు చదివెను. ఆమెయు మన బడిలోనే చదివినది.

"చిత్తపరిగెలు రాయలేదే?" అనెను.

అవి ఎట్టివని అడిగితిని. వ్రేలిగోరంత చూపి, మొరవ పారినపుడు తమ అమ్మ వాటిని చీరకొంగుతో పట్టెడిదని చెప్పెను. నేను కలము తీసి పదునెనిమిదవ పేరు వ్రాసికొంటిని.